వీడియో కాల్‌లోనా, బడి ఆవరణలోనా?

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల బడుల్లో చేతులు కడుక్కోవడానికి టిప్పీ ట్యాప్‌లు (కాలితో తొక్కితే వంగి నీళ్లు పోసే క్యాన్‌లు) పెట్టాలంటే మన విద్యార్థులు, విదేశీ విద్యార్థులు కలిసి ఎలా పనిచేయాలి? వీడియో కాల్ అయితే వీసా, టికెట్ల టెన్షన్ లేదు. 1980ల్లో జింబాబ్వేలో రూపొందిన ఈ పరికరం గురించి అక్కడివాళ్లనే అడగొచ్చు. వీడియో కాల్ లాభం అంతవరకే.

బడిలో కలిసి చేస్తే సంగతి వేరు. ఐదు లీటర్ల క్యాన్‌కు మేకుతో చిల్లు పెట్టి, కర్రకు వేలాడదీసి, తాడుతో కాలికింద తొక్కుడు కర్రకు కట్టాలి. క్యాన్‌ను చేత్తో ముట్టుకునే పనే లేదు. ఒకటో తరగతి పిల్ల తొక్కితే క్యాన్ వంగుతుందా, పక్కన వేలాడే సబ్బు వానకు కరిగిపోతోందా అన్నది స్క్రీన్ మీద తెలియదు. తెలుగు, ఒడియా, సవర మాట్లాడే తల్లుల మాటా బడిలోనే వినపడుతుంది. అందుకే నా ఓటు రెండోదానికే. విదేశీ విద్యార్థుల్లో ఇద్దరు వచ్చినా చాలు, మిగతావాళ్లు ఫోన్‌లో కలవొచ్చు.