ఫాక్స్ హతసాక్షుల చరిత్ర: ఏళ్ల తరబడి వాడాక చెప్తున్న మాట

హతసాక్షులంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు, వాళ్ల చరిత్రను పదహారో శతాబ్దపు ఇంగ్లీషు ప్రొటెస్టంట్ రచయిత జాన్ ఫాక్స్ రాశాడు. కానీ షాపుల్లో ఫాక్స్ పేరుతో దొరికే పల్చటి పేపర్‌బ్యాక్ కొంటే మీకు దొరికేది ఆయన రాసిన పుస్తకం కాదు. ఆయన 1587లో చనిపోయాడు, నా దగ్గరున్న కాపీలో మాత్రం ఆ తర్వాతెప్పుడో జరిగిన సంగతులు కూడా ఆయన పేరు మీదే చెలామణి అవుతున్నాయి, ఎవరు కలిపారో ఎక్కడ కలిపారో ఒక్క ముక్క లేదు. అసలు పుస్తకాన్ని 1563లో లండన్‌లో జాన్ డే అచ్చువేశాడు, పెద్ద సైజులో దాదాపు 1,800 పేజీలు. యూత్ మీటింగుల కోసం ఇప్పుడు నేను వాడేది షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టింది. ఫాక్స్ బతికుండగా వచ్చిన నాలుగు ఇంగ్లీషు ఎడిషన్లూ (1563, 1570, 1576, 1583) అందులో ఉన్నాయి.

అసలు మజా వాటిని పక్కపక్కన పెట్టి చదవడంలోనే ఉంది. క్యాథలిక్ అయిన మేరీ రాణి కాలంలో, 1555 అక్టోబరు 16న ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొటెస్టంట్ బిషప్పులు లాటిమర్‌నీ రిడ్లీనీ కాల్చేటప్పుడు లాటిమర్ అన్నాడని చెప్పే మాట, అదే, ఈ రోజు ఇంగ్లండ్‌లో ఎప్పటికీ ఆరని దీపం వెలిగిస్తున్నాం అన్నది, ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నామో! అది 1563 ఎడిషన్‌లో లేనే లేదు, 1570లో వచ్చి చేరింది. పైగా దానికి ముందు రిడ్లీకి ధైర్యం చెప్పే ముక్క, రెండో శతాబ్దపు హతసాక్షి పాలికార్పుకు పరలోకం నుంచి వినిపించిందని చెప్పే మాటలాగే ఉంటుంది. అందుకే నేను మీటింగులో అది చెప్పను, రిడ్లీ చావు గురించి రాసింది చదివి వినిపిస్తాను. బాధ త్వరగా తీరాలని ఆయన తోబుట్టువు భర్త పైన ఇంకా కట్టెలు పేర్చాడు, దాంతో మంట పైకి లేవలేక కాళ్ల దగ్గరే ఉండిపోయింది, కింద అంతా కాలిపోయినా పైన చొక్కా మాత్రం అంటుకోలేదు. నేను కాలడం లేదని ఆయన అరుస్తుంటే ఒకడు పైకట్టెలు లాగేశాడు, అప్పుడు గానీ త్వరగా ప్రాణం పోవాలని మెడకు కట్టిన మందుగుండు సంచికి నిప్పు అంటుకోలేదు. గొప్ప కోసం కల్పించేవాడు ఇలా రాయడు.

ఇబ్బందులు లేవా అంటే బోలెడు. ఒకే పేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఉంటుంది, సెర్చ్‌లో ఒకటి కొడితే మిగతావి రావు, ఓపిక కావాలి. విండ్సర్ సంగీతకారుడు మార్బెక్‌ను 1543లో కాల్చేశారని ఫాక్స్ మొదట రాశాడు, పాపం ఆయనకు క్షమాభిక్ష దొరికి హాయిగా బతికే ఉన్నాడు! ప్రత్యర్థులు దీన్ని పట్టుకుని ఆడుకున్నారు, తర్వాత ఫాక్స్ దిద్దుకున్నాడు. పక్షపాతం సంగతి చెప్పక్కర్లేదు. మేరీ రాణి కాలంలో కాలిపోయిన దాదాపు 300 మంది కోసం అంత కష్టపడ్డవాడు, మేరీ తండ్రి హెన్రీ రాజు చంపించిన క్యాథలిక్ థామస్ మోర్‌ను హతసాక్షుల్లో లెక్కవేయడు. అయినా 1575లో ఇద్దరు అనాబాప్టిస్టులను (పసిపిల్లల బాప్తిస్మాన్ని ఒప్పుకోని శాఖవాళ్లు) కాల్చబోతుంటే, వాళ్ల బోధ ఆయనకు అస్సలు నచ్చకపోయినా, వద్దని ఎలిజబెత్ రాణికి ఉత్తరం రాశాడు. పని జరగలేదు, కానీ ఆ ఉత్తరం వల్లే నాకు ఈ మనిషి మీద గౌరవం నిలబడింది.

కొత్తగా చదివేవాళ్లు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి, పాత పోపుల చరిత్రలో మునిగిపోతారు. 1583 ఎడిషన్ తీసి నేరుగా పదకొండో భాగానికి వెళ్లండి, పక్కన 1563 తెరిచి ఉంచుకోండి.