కింగ్ పిన్ పని ఇంటి దగ్గర: రెడీ సైజు బుష్షులా, రీమింగ్ కిట్టా?

టాటా ఏస్, 407 లాంటి బండ్లు సొంతంగా నడుపుకునేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. స్టీరింగ్ వణుకుతోంది, ముందు టైరు ఒక పక్కే తింటోంది, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరిగేందుకు ఆధారమైన నిలువు పిన్ను) పోయిందని తేలింది. స్పేర్ పార్ట్స్ షాపుకు వెళ్తే మూడు నాలుగు రకాల కిట్లు ముందు పెడుతున్నారు. ఏది తీసుకోవాలి? ఇంటి దగ్గరే విప్పి వేసుకోవచ్చా? ముందు రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), కమాన్ కట్టలు ఉన్న బండ్ల సంగతే ఇక్కడ చెబుతున్నాను. ముందు కాయిల్ స్ప్రింగులు, బాల్ జాయింట్లు ఉన్న బండ్ల లెక్క వేరు.

డబ్బు పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (లూజు కదలిక) కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు గట్టిగా తొక్కి ఉంచమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోయిందంటే అది హబ్ బేరింగుది, బిగిస్తే సరిపోవచ్చు. తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్ పిన్నుదే. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే వచ్చే ఆట ఎక్కువగా ట్రాక్ రాడ్ ఎండ్లది, అంటే రెండు ముందు చక్రాలనూ కలిపే రాడ్డు చివరి కీళ్లది. ఈ తేడా చూడకుండా, బేరింగు లూజుగా ఉన్న బండికి కింగ్ పిన్ కిట్టు వేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

పాత పిన్ను ఉంచి బుష్షులు (పిన్ను చుట్టూ ఉండే గొట్టం ముక్కలు) మాత్రమే మార్చడం గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. బుష్షు అరిగినంత కాలం పిన్నూ అరిగింది. బుష్షు కూర్చున్న చోట వేలితో తడిమితే మెట్టు తగులుతుంది. ఆ మెట్టు కొత్త బుష్షును కొన్ని నెలల్లోనే తినేస్తుంది. పిన్నులు, బుష్షులు, బరువు మోసే త్రస్ట్ బేరింగులు, సందు నింపే పలుచటి షిమ్ములు, కింగ్ పిన్ను కదలకుండా పట్టే లాక్ పిన్నులు కలిపి రెండు పక్కలకూ ఒకేసారి మార్చాలి.

అసలు పోటీ కొలతకే తయారై వచ్చే రెడీ సైజు బుష్షులకూ, ఎక్కించాక రీమింగ్ చేయాల్సిన, అంటే రీమర్ అనే పనిముట్టుతో లోపల కోసి కొలతకు తేవాల్సిన కంచు బుష్షులకూ మధ్యే.

రెడీ సైజు కిట్టు మీద మోజు ఎందుకో అర్థమవుతుంది. పాత బుష్షు కొట్టేసి, కొత్తది ఎక్కించి, పిన్ను తోస్తే పని అయిపోతుంది. లేత్ షాపుకు వెళ్లక్కర్లేదు, బండి సాయంత్రానికి రోడ్డెక్కుతుంది. స్టబ్ యాక్సిల్ (కింగ్ పిన్ను మీద తిరుగుతూ చక్రాన్ని మోసే భాగం) రంధ్రం గుండ్రంగా, గీతలు లేకుండా, మొదటిసారి విప్పుతున్న బండిదైతే ఇది నిజంగానే బాగా కూర్చుంటుంది. చిక్కంతా పాత బండితోనే. బుష్షును రంధ్రంలోకి ఒత్తినప్పుడు దాని లోపలి కొలత కొంచెం ముడుచుకుంటుంది. ఎంత ముడుచుకుంటుందనేది ఆ రంధ్రం బిగువు మీద ఉంటుంది. రెండుసార్లు బుష్షులు మారి, ఉలితో కొట్టిన గాట్లున్న రంధ్రం కొలత కిట్టు తయారుచేసినవాడికి తెలియదు కదా. అందుకే ఒక పక్క పిన్ను బిర్రుగా, ఇంకో పక్క లూజుగా వస్తుంది. బిర్రుగా వచ్చినప్పుడు చాలామంది ఎమరీ పేపరు చుట్టి బుష్షు లోపల రుద్దుతారు. అది అస్సలు చేయొద్దు. ఎమరీ రవ్వలు మెత్తటి కంచులో దిగబడిపోతాయి, కడిగినా రావు, ఆ తర్వాత పిన్నును కోస్తూనే ఉంటాయి.

కొలత కంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. నా లెక్కలో ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పేది అదే: పై బుష్షు, కింది బుష్షు ఒకే గీతలో ఉన్నాయా లేదా? తలుపుకు రెండు బందులు ఒకే నిలువులో లేకపోతే ఒక్కొక్క బందు ఎంత మంచిదైనా తలుపు బిగుసుకుపోతుంది. ఇక్కడా అంతే. విడివిడిగా చూస్తే రెండు బుష్షులూ సరైన కొలతలోనే ఉంటాయి, పిన్ను రెండింటిలోనూ విడిగా చక్కగా తిరుగుతుంది. రెండూ కలిసి పిన్నును పట్టుకున్నాక మాత్రం ఒకటి ఇటు, ఇంకొకటి అటు ఒరుసుకుంటాయి. డ్రైవరుకు స్టీరింగ్ బరువెక్కినట్టు తెలుస్తుంది. మలుపు తిప్పి వదిలితే స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. కొన్నాళ్లకు బుష్షు అంచులు అరిగి స్టీరింగ్ తేలికవుతుంది, 'సెట్టయింది' అనుకుంటారు. నిజానికి అప్పుడే ఆట మళ్లీ మొదలైంది.

రీమింగ్ కిట్టులో బుష్షు లోపల కొంత మెటల్ అదనంగా ఉంటుంది. రెండు బుష్షులూ ప్రెస్సు చేశాక, పొడవాటి రీమర్ ఒక బుష్షులో ఆనుకుని ఇంకోదాన్ని కోస్తుంది. కాబట్టి రంధ్రం పాతదైనా, కాస్త వంకరైనా, పిన్ను నడిచే గీత ఒక్కటే అవుతుంది. రెడీ సైజు బుష్షు ఎంత మంచి కంపెనీదైనా ఈ పని చేయలేదు. అందుకే నా మొగ్గు రీమింగ్ కిట్టు వైపే. ఒక రోజు ఆలస్యమైనా ఫరవాలేదు.

అయితే 'రీమింగ్ చేశాం' అన్న మాట నమ్మితే సరిపోదు. షాపులో ముందే రీమర్ చూపించమని అడగండి. పొట్టి రీమరుతో పై బుష్షును పైనుంచి, కింది బుష్షును కిందనుంచి విడివిడిగా కోస్తే రెడీ సైజుకూ దానికీ తేడా లేదు. రెండు బుష్షులకూ ఒకేసారి అందే పొడవు, ముందు గైడు ఉండాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇలాంటి షాపులు తేలిగ్గా దొరుకుతాయి. చిన్న ఊళ్లలో వెతుక్కోవాలి. కొత్త పిన్నులు వెంట తీసుకెళ్లి, ఏ పిన్ను ఏ పక్కదో గుర్తు పెట్టి, ఆ పిన్నుకే కొలత కోయించండి. మీ బండికి పిన్నుకూ బుష్షుకూ మధ్య సందు ఎంత ఉండాలో మాన్యువల్లో దొరికితే అదే ప్రమాణం. లేకపోతే నూనె రాసిన పిన్ను బొటనవేలి ఒత్తిడితో దిగాలి, ఊగకూడదు. అక్కడే పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి దూర్చి చూడండి. మొదటి బుష్షులో హాయిగా జారి, రెండోదాని అంచు దగ్గర తట్టుకుంటే గీత తప్పినట్టే. అలా ఉంటే తీసుకోకుండా మళ్లీ చేయించండి.

కాబట్టి పనిని రెండుగా పంచుకోవడం మంచిది. విప్పడం, కడగడం, బిగించడం ఇంటి దగ్గర. బుష్షులు ప్రెస్సు చేయడం, రీమింగ్ షాపులో.

విప్పేటప్పుడు గట్టి నేల ఉండాలి. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు, యాక్సిల్ కింద స్టాండ్లు తప్పనిసరి. సిమెంటు ఇటుకల మీద బండిని ఎప్పుడూ నిలబెట్టొద్దు, చెప్పాపెట్టకుండా పగిలిపోతాయి. డ్రమ్ము, హబ్బు తీశాక బ్రేక్ ప్లేటును హోసుతో సహా విప్పి తీగతో ఛాసిస్‌కు కట్టేయండి. హోసు విప్పకపోతే తర్వాత బ్రేకుల్లో గాలి తీసే పని ఉండదు. ప్లేటు బరువు మాత్రం హోసు మీద వేలాడకూడదు. ట్రాక్ రాడ్ ఎండ్ ఊడకపోతే, నట్టును రెండు మరల మీద ఉంచి, అది దూరిన ఆర్మ్ కన్నుకు అటొకటి ఇటొకటి సుత్తులతో ఒకేసారి కొట్టండి. మరల మీద కొట్టొద్దు.

లాక్ పిన్ను టేపరుగా ఉంటుంది, ఒక వైపుకే వస్తుంది. ఏ వైపునుంచి వచ్చిందో గుర్తు పెట్టండి. కింగ్ పిన్ను పట్టేసి ఉంటే ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ పోసి ఉంచండి. సమ్మెటతో బాదితే పిన్ను తల పుట్టగొడుగులా విచ్చుకుని ఇక బుష్షులోంచి రానే రాదు. గ్యాసుతో యాక్సిల్ కన్నును (పిన్ను దూరే చివరి భాగాన్ని) ఎర్రగా కాల్చడం ఇంకా ప్రమాదం, అది ఫోర్జింగ్ చేసిన, హీట్ ట్రీట్‌మెంట్ అయిన ఉక్కు. కదలకపోతే యాక్సిల్ దించి ప్రెస్సు దగ్గరకు తీసుకెళ్లడమే దారి. అలా దించితే యాక్సిల్‌ను కమాన్ కట్టలకు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వేయండి. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అదే బిగువు పట్టదు.

పిన్ను బయటికి వచ్చాక యాక్సిల్ కన్నులో కొత్త పిన్ను పెట్టి చూడండి. అక్కడే ఊగుతుంటే ఏ కిట్టూ ఈ జబ్బు తీర్చదు. ముందు ఆ కన్ను సంగతి తేల్చాలి.

షాపునుంచి వచ్చిన స్టబ్ యాక్సిల్‌ను డీజిలుతో కడిగి, గ్రీజు దారిలో తీగ దూర్చి చూడండి. బుష్షు రంధ్రమూ గ్రీజు నిపుల్ రంధ్రమూ ఎదురెదురుగా లేకపోతే ఎంత పంపు కొట్టినా గ్రీజు పిన్నుకు అందదు. కొత్త కింగ్ పిన్ను ఏడాది తిరక్కుండా పోవడానికి తరచూ కనిపించే కారణం ఇదే. పాత నిపుల్స్ పారేసి కొత్తవి వేయండి. త్రస్ట్ బేరింగు యాక్సిల్ కన్నుకూ స్టబ్ కింది చెవికీ మధ్య, కవరు మూసి ఉన్న పక్క పైకి వచ్చేలా పెట్టాలి, లేకపోతే నీళ్లూ దుమ్మూ లోపలికి దిగుతాయి. షిమ్ము పైన, కన్నుకూ పై చెవికీ మధ్య. స్టబ్‌ను కిందనుంచి జాకీతో లేపి ఫీలర్ గేజితో చూస్తే 0.1 మి.మీ. అటూఇటూ సందు మిగలాలి. సందు బొత్తిగా లేకపోతే స్టీరింగ్ బిగుస్తుంది, ఎక్కువైతే గుంటల్లో కొట్టుకుంటుంది. పిన్ను మీది గాడి లాక్ పిన్ను రంధ్రానికి ఎదురుగా వచ్చాకే లాక్ పిన్ను కొట్టాలి. ట్రాక్ రాడ్ ఎండ్ నట్టుకు స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి, వదులు చేసి కాదు.

మిగతా రకాల గురించి రెండు ముక్కలు. నైలాన్ బుష్షులు వేయడం సులువు, తేలికపాటి లోడు బండికి నడుస్తాయి. ఇసుక, కంకర మోసే బండికి వద్దు. సన్నటి రోలర్లుండే నీడిల్ బేరింగు రకం స్టీరింగ్‌ను తేలిక చేస్తుంది గానీ నీళ్లు దిగితే రోలర్లు పిన్ను మీద గుంటలు పెడతాయి. భీమవరం వైపు ఐసూ ఉప్పునీళ్లూ కారుతూ తిరిగే చేపల బండ్లకు అసలు పనికిరావు. కంపెనీయే అలా ఇస్తే తప్ప వాటి జోలికి పోవద్దు. స్టబ్ యాక్సిల్ అసెంబ్లీ మొత్తం మార్చడం ఖరీదైన పని. రంధ్రం బుష్షును పట్టలేనంత పెద్దదైతేనో, బేరింగు కూర్చునే చోట అరుగుదలో పగులో కనిపిస్తేనో అది తప్పదు.

అంతా బిగించాక గ్రీజు కొట్టేటప్పుడు చక్రాలు గాల్లో ఉండాలి. బండి బరువు నేల మీద ఉంటే త్రస్ట్ బేరింగు నొక్కుకుపోయి గ్రీజు దానిలోకి వెళ్లదు. స్టీరింగ్ ఎడమకూ కుడికీ తిప్పుతూ, అంచుల్లోంచి గ్రీజు బయటికి వచ్చేవరకు కొట్టండి. వానాకాలంలో, నీళ్లలో తిరిగిన ప్రతిసారీ మళ్లీ కొట్టాలి.

చివరగా టో ఇన్, అంటే ముందు టైర్లు ముందు పక్కన కాస్త లోపలికి తిరిగి ఉండటం, తప్పకుండా చూసుకోండి. రిజిడ్ యాక్సిల్‌కు ఇంటి దగ్గర సరిచేయగలిగింది అదొక్కటే. రెండు ముందు టైర్ల నడిమధ్య సుద్దముక్కతో గుర్తు పెట్టి, హబ్బు ఎత్తులో ముందు పక్క దూరం కొలవండి. బండిని ముందుకు తోసి, అవే గుర్తులు వెనక పక్క అదే ఎత్తుకు వచ్చాక మళ్లీ కొలవండి. ముందు కొలత వెనకదాని కంటే మాన్యువల్ చెప్పినంత, సాధారణంగా ఒకటి నుంచి మూడు మి.మీ. తక్కువ ఉండాలి. ట్రాక్ రాడ్ తిప్పి సరిచేశాక క్లాంపులు బిగించండి. వారం తిరిగాక లాక్ పిన్ను నట్టు, బ్రేక్ ప్లేటు బోల్టులు మరోసారి పానా పెట్టి చూడండి. యూ బోల్టులు మార్చి ఉంటే వాటిని లోడు తిప్పిన తర్వాత తప్పకుండా మళ్లీ బిగించాలి.