రెండొందల లీటర్ల సోలార్ హీటరు, ఆరు చలికాలాల తర్వాత: కోపమంతా మిక్సరు మీదే

హీటరు మీద ఫిర్యాదు రాద్దామని మొదలుపెడితే అది చివరికి బాత్రూంలో మిక్సరు (వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపి ఇచ్చే కొళాయి) మీదికి తిరిగింది. హైదరాబాదు శివారు, సొంత ఇల్లు, పైన డాబా, నలుగురు మనుషులు, బోరు నీళ్ళు. 200 లీటర్ల ట్యాంకు, 20 గాజు ట్యూబులు, పంపు లేకుండా పై ట్యాంకు నుంచి నీళ్ళు వాటంతటవే దిగే రకం. ట్యూబు ఎలా వేడెక్కుతుంది, సబ్సిడీ ఉందా లేదా లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నాను.

మొదటి మూడు చలికాలాలకి వంక పెట్టడానికి లేదు. డిసెంబరులో ఎండ కాసిన రోజు సాయంత్రం ఐదింటికి ట్యాంకులో 56–58 డిగ్రీలు, తెల్లారి ఆరింటికి 52. అదే వేళకి చన్నీళ్ళ ట్యాంకులో 19–20. బకెట్టులో సగం కంటే కాస్త ఎక్కువ వేడినీళ్ళు పట్టి మిగతాది చన్నీళ్ళు నింపితే స్నానానికి సరిపోతుంది. గీజరు స్విచ్చి జోలికి వెళ్ళే పని లేదు. నెల వాడకం 170 యూనిట్ల దగ్గరే ఆగింది.

నాలుగో చలికాలంలో కొళాయిలో గోరువెచ్చటి నీళ్ళు మొదలయ్యాయి. ఎండ ఎప్పటిలాగే ఉంది, ట్యూబుల మీద దుమ్ము కూడా తుడిచే ఉంది. ఇలాంటప్పుడు వచ్చే మెకానిక్కు చెప్పేది రెండే రెండు మాటలు: ట్యూబులు పోయాయి, మార్చాలి, అంతదాకా ట్యాంకులో కరెంటు కాయిల్ వేసుకోండి. రెండో మాట వినడమే ఖరీదైన తప్పు. 2 కిలోవాట్ల కాయిల్ రోజుకి రెండు గంటలు వేస్తే 4 యూనిట్లు, నెలకి 120. తెలంగాణ స్లాబుల్లో 170 యూనిట్లకి కరెంటు ఛార్జీ 676 రూపాయలు. అది 290 అయితే 1,713. ఎందుకంటే 200 దాటగానే మొదటి యూనిట్‌ నుంచే రేటు మారుతుంది: 3.40, 4.80 రూపాయలకి బదులు మొదటి 200కీ 5.10 చొప్పున, ఆపైన 7.70 చొప్పున పడుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు వేరే. అంటే ఆ 120 యూనిట్లు ఒక్కోటి ఎనిమిదిన్నర రూపాయలు దాటి పడ్డట్టు. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్ళకి దెబ్బ ఇంకా పెద్దది, 200 దాటిన నెల మొత్తం కట్టాల్సిందే.

ట్యూబులు పోయాయో లేదో చూడటానికి మెకానిక్కు అక్కర్లేదు. ప్రతి ట్యూబు అడుగున అద్దంలా మెరిసే వెండి పూత ఉంటుంది, అది బేరియం. లోపలి శూన్యంలోకి గాలి చొరబడితే ఆ పూత పాలలా తెల్లబడుతుంది. ఇరవైకి ఇరవై మెరుస్తూనే ఉన్నాయి. అప్పుడు థర్మామీటరు తీయాలి. డాబా మీద, ట్యాంకు నుంచి వేడి పైపు బయటికొచ్చే చోట టీ జాయింటు వేసి చిన్న కొళాయి పెట్టించుకుంటే పనికొస్తుంది. బిగించేటప్పుడు దాని ఖర్చు లెక్కలోకే రాదు, తర్వాత పెట్టించాలంటే పైపు కోయాలి. అక్కడ పట్టిన మగ్గులో 54 డిగ్రీలు. కింద బాత్రూంలో, పైపులో నిలవ ఉన్న నీళ్ళు పోయేదాకా వదిలాక కూడా 36. చన్నీళ్ళు 20 డిగ్రీలు కాబట్టి లెక్క కడితే కొళాయిలోంచి వచ్చే దాంట్లో సగానికి పైగా చన్నీళ్ళే. పైపు ఎంత చల్లబడినా ఒక్క అంతస్తుకి 18 డిగ్రీలు పోవు. చన్నీళ్ళు వేడి లైనులోకి ఎక్కడో దూరుతున్నాయి.

తేల్చుకునే పద్ధతి ఇది. సోలార్ ట్యాంకు నుంచి బయటికొచ్చే వేడి పైపు మీది వాల్వు పూర్తిగా కట్టేయాలి. బాత్రూంలో వేడి కొళాయి ఒక్కటే తిప్పి వదలాలి. పైపులో ఉన్న నీళ్ళు రెండు మూడు నిమిషాల్లో అయిపోయి ధార ఆగిపోవాలి. ఆగకుండా కారుతూనే ఉంటే అవి చన్నీళ్ళ లైనువి. కొళాయి అలాగే వదిలేసి, ఇంట్లో ఉన్న ఒక్కో మిక్సరుకీ చన్నీళ్ళ వైపు స్టాప్ కాక్ కట్టుకుంటూ పోవాలి. దేన్ని కడితే ధార ఆగిందో దొంగ అక్కడే. మా దగ్గర అది రెండో బాత్రూంలోని ఒంటి పిడి మిక్సరు. దాని కాట్రిడ్జిలో, అంటే పిడి కింద నీళ్ళని వదిలి కట్టే భాగంలో, ఉండే రెండు సిరామిక్ బిళ్ళల మధ్యకి బోరు ఇసుక చేరి గీతలు పడ్డాయి. పిడి మూసే ఉంటుంది, చుక్క కారదు, బయటికి ఏ లోపమూ కనిపించదు. లోపల మాత్రం వేడి, చల్ల లైన్లు రెండూ కలిసిపోయి ఉంటాయి.

మరి చన్నీళ్ళే ఎందుకు గెలుస్తాయి? రెండు లైన్లకీ నీళ్ళు వచ్చేది ఒకే పై ట్యాంకు నుంచి. చన్నీళ్ళ లైను నేరుగా కిందికి దిగుతుంది. వేడి లైను సోలార్ ట్యాంకు చుట్టూ తిరిగి, మధ్యలో ఒక ఎన్‌ఆర్‌వీ (నీళ్ళని వెనక్కి పోనీయని వాల్వు) దాటి, సున్నం పేరుకుని సన్నబడ్డ పైపులోంచి రావాలి. సులువైన దారి ఉంటే నీళ్ళు అటే పోతాయి. వేసవిలో ఇది ఎవరి కంటా పడదు, ఎందుకంటే అప్పుడు చన్నీళ్ళే వెచ్చగా ఉంటాయి. చలికాలం రాగానే బయటపడుతుంది, నింద హీటరు మోస్తుంది.

కాట్రిడ్జి ఒక్కటే కారణమని కాదు. చేతి షవరు పిడికి ఆపే బటను ఉంటే చాలామంది గోడ మీది రెండు కొళాయిలూ తెరిచే ఉంచి బటనుతోనే కట్టేస్తారు. అప్పుడు రెండు లైన్లూ షవరు గొట్టం దగ్గర రాత్రింబవళ్ళు కలిసే ఉంటాయి. మూడోది, గీజరు బిగించిన రోజుల్లో ప్లంబరు దానికి పెట్టి తెరిచి మరిచిపోయిన బైపాస్ వాల్వు, చల్ల లైనుని నేరుగా వేడి లైనుకి కలిపేది. ముందు అది చూడండి, పైసా ఖర్చుండదు.

మందు ఏమిటంటే ప్రతివాడూ చెప్పేది, మిక్సరుకి వేడి వైపు ఒకటి, చల్ల వైపు ఒకటి ఎన్‌ఆర్‌వీ వేయించమని. పంపు ఒత్తిడి ఉన్న ఇళ్ళకి సరే. పై ట్యాంకు పది అడుగుల ఎత్తులో ఉంటే కొళాయి దగ్గర వచ్చే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. స్ప్రింగు ఎన్‌ఆర్‌వీ తెరుచుకోవడానికే అందులో కొంత పోతుంది, పై అంతస్తులో షవరు దారంలా కారుతుంది. పైగా బోరు నీళ్ళలో ఇసుక రేణువొకటి స్ప్రింగు కింద చిక్కితే అది మూసుకోదు కూడా. అందుకే నా మందు వేరు: కాట్రిడ్జి కొత్తది వేసి, చేతి షవరు పీకేసి, రెండు లైన్లకీ రెండు విడి కొళాయిలు, కింద బకెట్టు. చూడటానికి పాతకాలంలా ఉంటుంది, కానీ బకెట్టులో కలిసే నీళ్ళు పైపులోకి తిరిగి పోలేవు.

ఇక పైన మెచ్చుకున్నదాన్ని కొంచెం దించాలి. 58 డిగ్రీలన్నది ఎండ కాసిన రోజు మాట. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురేస్తే మూడో పొద్దున 30 దాటలేదు. అలాంటి రోజులకి ట్యాంకులో కాయిల్ వద్దు, అది 200 లీటర్లూ వేడి చేస్తుంది. బాత్రూంలో 15 లీటర్ల గీజరు చాలు. 20 నుంచి 55 డిగ్రీలకి తేవడానికి 0.6 యూనిట్ పైచిలుకు. 200 లీటర్లన్నది కూడా ట్యాంకు కొలత. ట్యూబుల్లో ఇంకో 54 లీటర్లు ఉంటాయి, ఒక్కో దాంట్లో 2.7 చొప్పున, అవి కొళాయికి రావు. పొద్దున మొదటి వేడి చుక్క రావడానికి ముందు పైపులోని చన్నీళ్ళు పారబోయాలి: ముప్పావు అంగుళం సీపీవీసీ ఇరవై మీటర్లుంటే ఐదు లీటర్లు. అంగుళం పైపు వేస్తే ధార బాగుంటుంది గానీ ఈ వృథా ఎనిమిది దాటుతుంది.

బోరు నీళ్ళ సున్నం పని ఏడాదికోసారి, దసరాకి ముందు. ట్యూబులు ఎండెక్కకముందే తీయాలి. మధ్యాహ్నం ఖాళీ ట్యూబు కాలిపోతూ ఉంటుంది, చన్నీళ్ళు తగిలితే పగులుతుంది, ఒక్కటి పగిలినా ట్యాంకు మొత్తం ఖాళీ. రబ్బరు రింగుకి సబ్బు నీళ్ళు రాసి మెలితిప్పుతూ లాగాలి. అడుగున జానెడు సున్నపు బురద దొరికిన ట్యూబులున్నాయి. ట్యూబులో వేడినీళ్ళు నింపి నాలుగైదు చెంచాల నిమ్మ ఉప్పు వేసి రాత్రంతా వదిలితే కరుగుతుంది. ఇనప బ్రష్షు పెట్టొద్దు. ట్యాంకు తుప్పు పట్టకుండా దాని బదులు అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఈ నీళ్ళకి రెండేళ్ళు నిలవదు. ట్యాంకులోకి గాలి వచ్చిపోయే గొట్టం మాత్రం నెలకోసారి చూడాలి. సున్నంతో అది పూడిపోతే నీళ్ళు దిగేటప్పుడు లోపలి స్టీలు ట్యాంకు పిండేసినట్టు ముడుచుకుపోతుంది, దానికి మరమ్మతు లేదు.

కరెంటు ఎందుకు, పొయ్యి మీద కాచుకుంటే పోలా అంటారు. 20 లీటర్ల బకెట్టుని 25 డిగ్రీలు పెంచడానికి 75–80 గ్రాముల గ్యాసు పోతుంది. 14.2 కిలోల సిలిండరు 905 రూపాయలనుకుంటే బకెట్టు ఐదు రూపాయలకి దగ్గర. అదే బకెట్టు గీజరులో 0.6 యూనిట్: 200 లోపు స్లాబులో మూడు రూపాయల లోపే, 7.70 స్లాబులో దాదాపు 4.60. గ్యాసు ఎటు చూసినా చవక కాదు.

మళ్ళీ కొంటానా అంటే, ఈ డాబాకీ ఈ నలుగురికీ అయితే కొంటాను, నాలుగో ఏటి గొడవ తర్వాత కూడా. ఆరో అంతస్తు డాబా మీద ట్యాంకు పెట్టి మొదటి అంతస్తుకి పైపు దించాల్సిన అపార్టుమెంటుకి చెప్పను. ఇద్దరే ఉండి నెలకి 120 యూనిట్లు దాటని ఇంటికీ చెప్పను, 15 లీటర్ల గీజరు పొద్దున ఇరవై నిమిషాలు వేసుకున్నా వాళ్ళు 200 కిందే ఉంటారు. ఇప్పటికే ఉన్నవాళ్ళు ట్యూబులకి డబ్బు కట్టే ముందు ఆ వేడి పైపు వాల్వు ఒక్కసారి కట్టి, కింద కొళాయి ఆగిందో లేదో చూడండి.