యాభై అంగుళాల దారికి అరవై నాలుగు అంగుళాల బండి

మిషిగన్ అడవుల్లో ఏటీవీ (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల చిన్న బండి) తోలాలనుకునే డెట్రాయిట్ చుట్టుపక్కల మనవాళ్ళు అద్దె షాపులో ముందుగా అడగాల్సింది బండి వెడల్పు. అది అడగకపోవడం వల్లే మయో అనే ఊరి దగ్గర హ్యూరాన్ నేషనల్ ఫారెస్ట్‌లో మాకు ఒక రోజంతా వృథా అయింది. రోజుకు మూడు వందల డాలర్లు దాటిన అద్దెకు 64 అంగుళాల సైడ్ బై సైడ్ (పక్కపక్కనే కూర్చుని స్టీరింగ్‌తో నడిపే వెడల్పు బండి) అంటగట్టి, "ఈ అడవిలో ఎక్కడికైనా వెళ్ళొచ్చు" అన్నాడు షాపతను. అది పూర్తిగా తప్పు.

ఇలాంటి రోడ్డుకాని దారుల బండ్లన్నిటినీ ఓఆర్‌వీ అంటారు. ఇక్కడ ఓఆర్‌వీ ట్రెయిల్ అంటే 50 అంగుళాలు, అంతకు తక్కువ వెడల్పున్న బండ్లకే. వెడల్పాటి సైడ్ బై సైడ్‌లు రూట్ అని గుర్తు పెట్టిన దారుల్లోనే తిరగాలి. పక్కనున్న కొమ్మలు తప్పించుకుని దూరిపోవచ్చు కదా అనుకోకండి, అది నేరమే. పిల్లలు అలిగారు, పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. షాపువాడు పైసా వెనక్కివ్వలేదు.

రెండో దెబ్బ బండికి అంటించే లైసెన్స్ స్టిక్కర్. మేం వెళ్ళినప్పుడు ఓఆర్‌వీ లైసెన్స్ 26.25 డాలర్లు, ట్రెయిల్ పర్మిట్ మరో 10, కలిపి బండికి 36.25. మొదటిది ఒక్కటే ఉంటే గుర్తు పెట్టిన ట్రెయిళ్ళలోకి వెళ్ళకూడదు, మా అద్దె బండికి అదొక్కటే ఉంది. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకే చెల్లుబాటు కాబట్టి మార్చిలో కొనడం దండగ. ఆన్‌లైన్‌లో కొంటే స్టిక్కర్ పోస్టులో వస్తుంది. ప్రయాణం దగ్గరపడితే లైసెన్సులమ్మే దుకాణంలోనే తీసుకోండి. బండి తీసుకునే ముందు వెనక్కి వెళ్ళి స్టిక్కర్ మీద రాసింది చదవండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మ్యాపు. నేషనల్ ఫారెస్ట్‌కి మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ అని నలుపు తెలుపు కాగితం ఒకటుంది, ఉచితం. ఆ మ్యాపులో లేని దారి మూసినట్టే. అక్కడ గేటు లేదు, బోర్డు లేదు అన్న వాదన చెల్లదు. టైరు గుర్తులు కనిపిస్తే చాలని వెళ్ళిపోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. స్టేట్ ఫారెస్ట్ నియమాలు వేరు, వాటి రోడ్ల మ్యాపు వేరు. రెండు అడవులూ ముక్కలు ముక్కలుగా కలిసే ఉంటాయి కాబట్టి రెండు మ్యాపులూ ఫోన్‌లో ముందే దించుకోండి. లోపల సిగ్నల్ ఉండదు. అవెంజా అనే మ్యాపుల యాప్ సిగ్నల్ లేకున్నా మీరెక్కడున్నారో చూపిస్తుంది.

సైలెన్సర్‌లో స్పార్క్ అరెస్టర్ (నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే భాగం) తప్పనిసరి. పాత బండి కొన్నవాళ్ళు, ముఖ్యంగా మోత పెంచడానికి సైలెన్సర్ మార్చినవాళ్ళు, ఇది చూసుకోవాలి. శబ్దం కూడా 94 డెసిబెల్స్ దాటకూడదు. ఇదంతా చాదస్తం అనిపిస్తే నేల చూడండి: ఇసుక, దానిమీద ఎండు జాక్ పైన్ ఆకులు. 1980 మేలో ఇక్కడే మాక్ లేక్ మంట సుమారు 24,000 ఎకరాలు కాల్చేసింది. కిర్ట్‌లాండ్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట గూడు కట్టేది కూడా ఈ లేత జాక్ పైన్ల కిందే. గూళ్ళ కాలంలో బోర్డు పెట్టి మూసిన చోటికి కాలినడకన కూడా వెళ్ళొద్దు.

ఆ ఇసుకలో సైడ్ బై సైడ్‌ని హై గేర్‌లో నెమ్మదిగా ఈడిస్తే ఇంజన్ శక్తిని చక్రాలకు అందించే బెల్టు జారి, వేడెక్కి, కాలిపోతుంది. రబ్బరు వాసన రాగానే ఆపి చల్లారనివ్వండి, తర్వాత లో గేర్‌లో కదలండి. బెల్టు ఖర్చు ఎవరిదో అద్దె కాగితంలో ముందే చూసుకోవాలి.

పదహారేళ్ళ లోపు పిల్లలు నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి, పెద్దవాళ్ళ కళ్ళెదుటే నడపాలి. పన్నెండేళ్ళు నిండని వాళ్ళకు ఈ అడవుల్లో నాలుగు చక్రాల ఏటీవీ హ్యాండిల్ ఇవ్వకండి. ఒక్కరి సీటున్న ఏటీవీ మీద ఇంకొకరిని ఎక్కించుకోకూడదు. ఏటీవీ మీద హెల్మెట్, కళ్ళద్దాలు ఎంత వయసువారికైనా తప్పనిసరి.

బస విషయంలో నా మాట: గది ముందు నుంచే రూటు ఎక్కగలిగే మోటెల్ వెతకండి, పది డాలర్లు ఎక్కువైనా ట్రెయిలర్ తగిలించి విప్పే పని తప్పుతుంది. మిగతా రెండు రోజులూ మాకు హాయిగా గడిచాయి. నవంబర్ 15 నుంచి 30 దాకా మాత్రం వెళ్ళొద్దు. జింకల వేట కాలం కాబట్టి వేటకు తెరిచిన భూముల్లో ఉదయం 7 నుంచి 11 వరకు, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు బండి తీయకూడదు.