ఏఎం4, ఎల్‌జీఏ1700, ఏఎం5: కొత్త డెస్క్‌టాప్‌కు ఏది మేలు?

విడిభాగాలు కొని డెస్క్‌టాప్‌ను స్వయంగా కూర్చుకోవాలనుకునేవారు చాలావరకు ప్రాసెసర్‌తోనో గ్రాఫిక్స్ కార్డుతోనో ఎంపిక మొదలుపెడతారు. కానీ ఏ భాగం దేనితో పొసగుతుందో తేల్చేవి మదర్‌బోర్డు మీది సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు), చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను ఇతర భాగాలతో కలిపే చిప్), బయోస్ (యంత్రాన్ని మేల్కొలిపే బోర్డులోని సాఫ్ట్‌వేర్) కాబట్టి ముందు పోల్చవలసింది వాటినే. ఈ వ్యాసంలో ప్రధానంగా పోల్చేవి మూడు సాకెట్లు: ఏఎండీ వారి ఏఎం4, ఏఎం5, ఇంటెల్ వారి ఎల్‌జీఏ1700.

సాకెట్ ఒకటే అయినంత మాత్రాన ప్రాసెసర్ పనిచేస్తుందని అనుకోరాదు. ఇంటెల్ ఎల్‌జీఏ1151 సాకెట్ ఇందుకు మంచి ఉదాహరణ. 6, 7 తరాల ప్రాసెసర్లూ, 8, 9 తరాల ప్రాసెసర్లూ ఆ పేరు గల సాకెట్‌లోనే కూర్చునేవి. అయినా 8వ తరానికి 300 శ్రేణి చిప్‌సెట్ ఉన్న బోర్డే కావలసి వచ్చింది. దీనికి భిన్నంగా, 2017లో ఏఎండీ వారి తొలి రైజెన్ ప్రాసెసర్లతో జనంలోకి వచ్చిన ఏఎం4 సాకెట్ 2020 నాటి రైజెన్ 5000 శ్రేణి దాకా, ఆపై 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ దాకా, ఆ తర్వాతా కొనసాగింది. ఎల్‌జీఏ1700 సాకెట్ 2021 నుంచి 2023 వరకు వచ్చిన 12, 13, 14 తరాలకు ఆధారమైంది. 2022లో వచ్చిన ఏఎం5 మీద ఇప్పటికే రైజెన్ 7000, 8000జీ, 9000 శ్రేణులు నడుస్తున్నాయి. 2027 వరకూ, ఆ తర్వాతా దీనిని కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది.

మూడింటిలోనూ కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టేది బయోస్. ఏఎం4 చిప్‌సెట్ బీ450 ఉన్న బోర్డులో రైజెన్ 5600ను, ఎల్‌జీఏ1700 చిప్‌సెట్ బీ660 ఉన్న బోర్డులో 13వ తరం ప్రాసెసర్‌ను, ఏఎం5 చిప్‌సెట్ బీ650 ఉన్న బోర్డులో రైజెన్ 9600ఎక్స్‌ను బిగించవచ్చు. అయితే బోర్డు ఆ ప్రాసెసర్ కంటే ముందు తయారై, పాత బయోస్‌తోనే పెట్టెలో ఉండిపోయి ఉంటే, ఫ్యాన్లు తిరుగుతాయి గాని తెర మీద ఏమీ కనిపించదు. లోపమేమీ లేని ప్రాసెసర్‌ను చెడిపోయిందనుకుని తిప్పి పంపేది ఇలాంటప్పుడే. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ ద్వారా బయోస్‌ను మార్చే ఫ్లాష్‌బ్యాక్ మీట ఉన్న బోర్డును ఎంచుకుంటే ఈ చిక్కు తీరుతుంది. తయారీదారు ప్రచురించే ప్రాసెసర్ల పట్టికలో ప్రతి ప్రాసెసర్‌కూ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి అది పనిచేస్తుందో రాసి ఉంటుంది. కొనేముందు ఆ పట్టిక చూడటం తప్పనిసరి.

మెమొరీ విషయంలో మూడు సాకెట్లకూ దారులు వేరు. ఏఎం4 డీడీఆర్4 రకం ర్యామ్‌ను మాత్రమే, ఏఎం5 దాని తర్వాతి తరమైన డీడీఆర్5ను మాత్రమే తీసుకుంటాయి. రెండు రకాల ర్యామ్‌కూ 288 పిన్నులే ఉన్నా గాడి ఉన్న చోటు వేరు కనుక ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. ఎల్‌జీఏ1700 ప్రాసెసర్లు రెండింటినీ నడపగలవు, కానీ ఏది వాడాలన్నది బోర్డు నిర్ణయిస్తుంది. దాదాపు ఒకే పేరుతో రెండు రకాల బోర్డులూ అమ్ముడవుతాయి గనుక పేరు చివర డీ4 లేక డీడీఆర్4 అని ఉందో లేదో గమనించాలి. డీడీఆర్5 వాడేవారు స్లాట్లు నాలుగున్నాయి కదా అని నాలుగూ నింపకపోవడమే మంచిది. రైజెన్ 7000కు ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం రెండు ర్యామ్‌లతో సెకనుకు 5200 మెగాట్రాన్స్‌ఫర్లు అయితే నాలుగింటితో 3600 మాత్రమే. కాబట్టి 32 జీబీ కావాలంటే రెండు 16 జీబీల జత కొని, సాధారణంగా ప్రాసెసర్ పక్క నుంచి లెక్కించి రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టాలి. ఏఎం5 యంత్రం మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమొరీని సరిచూసుకుంటూ కొన్ని నిమిషాలు నల్లని తెరతోనే ఉండవచ్చు. కంగారుపడి ఆపేయనవసరం లేదు.

అంతగా ఎవరూ పట్టించుకోని మరో తేడా పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డు వంటివి ప్రాసెసర్‌తో సమాచారం పంచుకునే దారి) తరం. బీ450 బోర్డు పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది. బీ550 బోర్డు గ్రాఫిక్స్ స్లాట్‌కు 4.0 ఇవ్వగలిగినా, అందులో రైజెన్ 5600జీ లేక 5500 పెడితే మళ్లీ 3.0కే దిగుతుంది, ఎందుకంటే పరిమితి ఆ ప్రాసెసర్లలోనే ఉంది. ఆ దారిలోని పదహారు లేన్లు (వరుసలు) వాడే కార్డుకు ఇది పెద్ద నష్టం కాదు. నాలుగు లేన్లు మాత్రమే వాడే రేడియాన్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి కార్డుకు మాత్రం వేగం స్పష్టంగా తగ్గుతుంది. తక్కువ ఖర్చుతో యంత్రం కూర్చేవారే అలాంటి ప్రాసెసర్‌నూ ఇలాంటి కార్డునూ జతచేస్తారు గనుక దెబ్బ వారికే తగులుతుంది.

ఎల్‌జీఏ1700 గురించి ఒక హెచ్చరిక కూడా అవసరం. 13, 14 తరాల్లోని కొన్ని ప్రాసెసర్లు అధిక వోల్టేజీ కారణంగా క్రమంగా అస్థిరమవుతున్నాయని 2024లో తేలింది; ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఈ ప్రాసెసర్లు కొనేవారు తాజా బయోస్ వేశాకే వాడుక మొదలుపెట్టాలి. వాడిన ప్రాసెసర్ కొనకపోవడం ఇంకా క్షేమం. 12వ తరానికి ఈ బాధ లేదు.

ఇన్నీ తూచి చూస్తే, చేతిలో ఏమీ లేకుండా మొదటి నుంచి కూర్చేవారికి ఏఎం5 మేలని నా అభిప్రాయం. మూడు నాలుగేళ్ల తరువాత బోర్డునూ ర్యామ్‌నూ అలాగే ఉంచి ప్రాసెసర్‌ను మాత్రమే మార్చుకునే వీలు ఈ మూడింటిలో దీనికే ఎక్కువ. పైగా ఎఫ్ అక్షరం లేని రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లలో చిన్నపాటి గ్రాఫిక్స్ ఉన్నందున, కార్డు పాడైనా తెర పూర్తిగా ఆరిపోదు. ఏఎం4 బోర్డు, డీడీఆర్4 ర్యామ్ ఇప్పటికే ఉన్నవారు మాత్రం వాటిని వదిలి ఏఎం5కు మారడంలో అర్థం లేదు. బోర్డు పట్టికలో ఉంటే 5700ఎక్స్3డీ వంటి ప్రాసెసర్ మరికొన్నేళ్లు నెట్టుకొస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా కార్యాలయపు పనులకు, పాత డీడీఆర్4 ర్యామ్‌తో చిన్న యంత్రం కావలసినవారికి ఎఫ్ అక్షరం లేని 12వ తరం ఐ3, ఐ5లతో ఎల్‌జీఏ1700 ఇప్పటికీ సరైన ఎంపికే. ఎల్‌జీఏ1700 తర్వాత 2024 అక్టోబరులో వచ్చిన ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ1851 డీడీఆర్5కే పరిమితం. దాని తొలి ప్రాసెసర్లు వీడియో ఎడిటింగ్ వంటి పనుల్లో రాణించినా, ఆటల్లో 14వ తరాన్ని స్పష్టంగా మించలేకపోయాయి.

ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ల విషయంలోనూ కొంత తేడా ఉంది. బోర్డుతో వచ్చే వెనుక పలకకే బిగించుకునే ఏఎం4 కూలర్లు ఏఎం5కు సరిపోతాయి. సొంత పలకతో వచ్చేవి సరిపోవు, ఎందుకంటే ఏఎం5 పలకను ఊడదీయకూడదు. పాత ఇంటెల్ కూలర్‌కు ఎల్‌జీఏ1700లో కొత్త బిగింపు సామగ్రి కావాలి, రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్ల నుంచి 78కి మారింది. పవర్ సప్లైకి సాకెట్‌తో పేచీ లేదు. అయితే ఒక మాడ్యులర్ (కేబుళ్లను విడదీయగల) పవర్ సప్లై కేబుళ్లను మరో మోడల్‌కు తగిలించరాదు. ప్లగ్గు దూరినా లోపలి తీగల వరుస వేరుగా ఉండవచ్చు, అలాంటప్పుడు మొదట కాలిపోయేవి హార్డ్‌డిస్కు, ఎస్ఎస్‌డీ వంటి డ్రైవులు.