సీరాంపూర్ బి.డి.: పన్నెండేళ్లు వాడాక, విశాఖ నుంచి ఒక సమీక్ష

విశాఖలో బి.డి.కి (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టరు పనికీ దైవశాస్త్ర బోధనకీ చదివే డిగ్రీ) వెళ్దామనుకునే పిల్లలు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల తల్లిదండ్రులు, అడిగే మొదటి మాట "ఏ కాలేజీ మంచిదండీ?" అని. దానికి మేం ఎదురు ప్రశ్న వేస్తాం. చదువయ్యాక ఆ పట్టా ఎవరి బల్ల మీద పెడతారు? బిషప్ గారి బల్ల మీదా, విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్ బల్ల మీదా, పరదేశం సెమినరీ అడ్మిషన్ల కమిటీ ముందా? ఒకే కాగితం మూడుచోట్లా ఒకేలా చెల్లదు. మాలో ఒకరు పాస్టరేటులో, అంటే సంఘ కాపరిగా, ఒకరు బోధనలో పన్నెండేళ్లుగా ఈ పట్టాతోనే పని చేస్తున్నాం. అది ఎక్కడ చెల్లింది, ఎక్కడ ఆగింది, అందులో నేర్చుకున్నది ఎంత మిగిలింది అన్నదే ఈ సమీక్ష.

ముందు పట్టా సంగతి. సీరాంపూర్ కోల్‌కతాకి ఎగువన హుగ్లీ ఒడ్డున ఉన్న ఊరు. విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అక్కడ 1818లో కాలేజీ పెట్టేనాటికి ఆ ఊరు డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉంది. డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు చార్టరుతో వచ్చింది, 1918లో బెంగాల్ చట్టం దాన్ని నిలబెట్టింది. చదవడానికి అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, బెంగళూరులో యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, చెన్నైలో గురుకుల్, పుణెలో యూనియన్ బిబ్లికల్ సెమినరీ లాంటివి సీరాంపూర్ సెనేట్‌కి (ఆ కాలేజీ పేరుతో డిగ్రీలిచ్చే మండలి) అనుబంధం. పాఠం అక్కడ, పట్టా సెనేట్‌ది. విశాఖకి సీరాంపూర్‌తో చుట్టరికం ఈనాటిది కాదు. 1805లో ఇక్కడ దిగిన లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డెగ్రాంజ్ మొదలుపెట్టిన తెలుగు సువార్తలు 1812లో అచ్చయింది అక్కడే.

ఈ చరిత్రంతా ఎందుకంటే, ఈ డిగ్రీకి మూలం యూజీసీ కాదు, ఆ చార్టరూ ఆ చట్టమూ. అందుకే సంఘాల్లో దీనికి తిరుగులేదు గానీ, మామూలు విశ్వవిద్యాలయం దగ్గరికి వెళ్తే "మా ఎం.ఏ.కి ఇది సరిపోతుందా" అన్నది ఆ విశ్వవిద్యాలయమే తేలుస్తుంది. ఎవరో సీనియర్‌కి సీటు వచ్చిందన్న మాట పట్టుకుని వెళ్లకండి. చేరకముందే మార్కుల పత్రం నమూనా జత చేసి అర్జీ పెట్టి, ఈక్వివలెన్స్ లెటర్ (ఈ పట్టా తమ లెక్కలో మామూలు డిగ్రీకి సమానమన్న కాగితం) రాతపూర్వకంగా తీసుకోండి. కౌంటర్లో గుమస్తా "అవుతుందిలెండి" అంటే అది జవాబు కాదు.

దీన్నిబట్టే మా మొదటి సలహా: ఇంటర్ తర్వాత నేరుగా దూకకండి. ఇంటర్‌తో చేరితే బి.డి. ఐదేళ్లు, డిగ్రీతో చేరితే నాలుగేళ్లు. డిగ్రీ మూడేళ్లు కలుపుకుంటే ఏడు. ఆ తేడా రెండేళ్లు దండగ అనిపిస్తుంది, ఇంట్లో ఖర్చు లెక్క వేసేవాళ్లకి మరీను. కానీ చేతిలో ఒక బి.ఏ.నో బి.కాం.నో ఉన్నవాడికి రేపు సంఘం కుదరకపోయినా బి.ఇడి. తలుపు, ఎం.ఏ. తలుపు, ఉద్యోగ పరీక్షల తలుపు తెరిచే ఉంటాయి. ఐదేళ్ల బి.డి. ఒక్కటే ఉన్నవాడు ప్రతి గడప దగ్గరా ఈక్వివలెన్స్ కాగితం చూపించుకుంటూ తిరగాలి. బి.టిహెచ్. (బ్యాచిలర్ ఆఫ్ థియాలజీ) చేసినవాళ్లకి రెండేళ్లలో బి.డి.కి ఎక్కే దారి ఉంది. అది పరిచర్యకి బాగానే పనికొస్తుంది, బోధనకి వెళ్లదలిస్తే మాత్రం పైన చెప్పిన లోటు అలాగే ఉంటుంది.

రెండోది స్పాన్సర్‌షిప్. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ప్రవేశ పరీక్ష రాసి, సీటు తెచ్చుకుని, ఆ తర్వాత బిషప్ గారి దగ్గరికి సంతకానికి వెళ్తారు. వరస తప్పు. సీ.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గానీ, లూథరన్ సంఘంలో గానీ, బాప్టిస్టు కన్వెన్షన్‌లో గానీ అభిషేకం (పాస్టరుగా నియమించే క్రతువు) కావాలంటే, చదువుకి పంపించింది సంఘమే అయ్యుండాలి. అంటే ముందు స్థానిక పాస్టరేట్ కమిటీ తీర్మానం, తర్వాత డయాసిస్ (బిషప్ గారి పరిధి) లేదా కన్వెన్షన్ బోర్డు ఇంటర్వ్యూ, ఆ తర్వాతే కాలేజీ దరఖాస్తు. ప్రైవేటు అభ్యర్థిగా వెళ్లి నాలుగేళ్లు చదివి వస్తే పట్టా వస్తుంది, పాస్టరేటు రాదు. సంఘం ఖర్చు పెట్టుకుంటే బాండు రాయించుకుంటుంది. ఎన్నేళ్లు పనిచేయాలి, మధ్యలో ఎం.టిహెచ్.కి (మాస్టర్ ఆఫ్ థియాలజీ, బి.డి. తర్వాతి పై చదువు) వదులుతారా లేదా అన్న రెండు వాక్యాలు ఆ బాండులో వెతికి చదవండి. ఒక చోట బాండులో పై చదువు మాటే లేకపోవడంతో ఒక అభ్యర్థికి విదేశీ సీటు పోయింది. క్లాసులు సాధారణంగా జూన్, జూలైలలో మొదలవుతాయి. తీర్మానం కోసం అంతకుముందు దసరా నాటికే తిరగడం మొదలుపెట్టాలి. కమిటీలు నెలకోసారి కూర్చుంటాయి, కోరం లేకపోతే అదీ లేదు.

అమ్మాయిలకి ఇంకో మాట. సీ.ఎస్.ఐ.లో స్త్రీలకు అభిషేకం ఉంది. 2013లో నంద్యాల డయాసిస్‌కి ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు కూడా. చాలా స్వతంత్ర సంఘాల్లో ఆ ఊసే లేదు. చదివేటప్పుడు ఎవరూ అడ్డుచెప్పరు, చదివాక చెప్తారు. అందుకని మీ సంఘం నియమావళి ముందే తెప్పించుకుని చూడండి.

ఇక గాజువాక, మద్దిలపాలెం, పెందుర్తి వైపు స్వతంత్ర సంఘాల కాపరులు అడిగేది ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) గురించి. అది ఎక్కువగా ఏషియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపున్న సెమినరీల్లో ఉంటుంది, మామూలుగా మూడేళ్లు. 1970లో పుట్టిన ఆ అసోసియేషన్ విశ్వవిద్యాలయం కాదు, సెమినరీల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే సంస్థ. చదువు గట్టిదే. ఒక సంవత్సరం తక్కువ, వాక్యబోధ మీద ఎక్కువ. అయితే ఆ పట్టాతో సీరాంపూర్ ఎం.టిహెచ్.కి వెళ్దామంటే నేరుగా కుదురుతుందనుకోవద్దు, ముందే అడిగి తెలుసుకోవాలి. సొంత సంఘం నడుపుకుంటూ అక్కడే ఉండేవాళ్లకి మాత్రం బి.డి. కంటే ఇదే నయం.

గౌరవ డాక్టరేట్ల గురించి ఒక్క మాటతో సరిపెడతాం. హోటల్లో సన్మానం, గౌను, టోపీ, మర్నాడు జగదాంబ కూడలిలో ఫ్లెక్సీ మీద "డా." అన్న అక్షరం. రుసుము పట్టిక ముందే పంపేవాడు, సిద్ధాంత వ్యాసం మాట ఎత్తనివాడు ఇచ్చేది చదువు కాదు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

పన్నెండేళ్లలో ఏం మిగిలింది అంటే, మా ఇద్దరి జవాబూ ఒకటే: భాషలు. చరిత్ర నోట్సు పోయింది, ఇరవయ్యో శతాబ్దపు జర్మన్ పండితుల పేర్లు సగం మర్చిపోయాం. గ్రీకు, హీబ్రూ మాత్రం ప్రతి శనివారం రాత్రి ప్రసంగం సిద్ధం చేసేటప్పుడు పనికొస్తున్నాయి. చాలామంది భయపడేదీ వీటికే. ఆ భయానికి కారణం పాఠం ఇంగ్లీషులో చెప్పడం. తెలుగు వ్యాకరణం వచ్చినవాడికి సగం పని అప్పటికే అయిపోయింది. "డు, ము, వు, లు ప్రథమా విభక్తి" అని బళ్లో వల్లెవేసినవాడికి గ్రీకు విభక్తులు కొత్తేమీ కాదు. మనకి ఎనిమిదుంటే అక్కడ ఐదే. ఇంగ్లీషు మీడియం పిల్లలే ఇక్కడ తడబడతారు.

ఒక్క వచనం తీసుకుందాం. మత్తయి 28:19. ఇంగ్లీషులో చదివితే "వెళ్లండి" అన్నది విడిగా ఒక ఆజ్ఞలా వినిపిస్తుంది, మిషన్ ప్రసంగాలన్నీ దాని మీదే నిలబెడతారు. గ్రీకులో "పొరెయుథెంతెస్" అసమాపక క్రియ. ఆజ్ఞ రూపంలో ఉన్నది ఒక్క "మథేతెఊసాతె", అంటే శిష్యులను చేయడం. తర్వాత వచ్చే "బాప్తిజోంతెస్" మళ్లీ అసమాపకం. ఇప్పుడు మన పాత తెలుగు బైబిలు తీయండి: "మీరు వెళ్లి, సమస్త జనులను శిష్యులనుగా చేయుడి", ఆపైన "బాప్తిస్మమిచ్చుచు". వెళ్లి, చేయుడి, ఇచ్చుచు. గ్రీకు వాక్యం ఎలా నిలబడిందో తెలుగు వాక్యం అచ్చం అలాగే నిలబడింది. "వెళ్లి"కి ఆజ్ఞ బలం చివరి క్రియ నుంచి వస్తుందన్నది కూడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. "కొట్టుకి వెళ్లి ఉప్పు పట్రా" అంటే కొట్టుకి వెళ్లడం ఐచ్ఛికమని ఏ పిల్లాడూ అనుకోడు.

హీబ్రూలో పిల్లలు ఆగిపోయేది బలహీన క్రియల (రూపం మారేటప్పుడు ఒక మూలాక్షరం జారిపోయే క్రియలు) దగ్గర. "నాతన్" అంటే ఇచ్చాడు. దాని అసంపూర్ణ రూపం "యిత్తేన్". మొదటి "న" మాయం. నిఘంటువులో "య" కింద గంటసేపు వెతికి, దొరక్క, పుస్తకం మూసేస్తారు. జరిగిందల్లా "న" వెళ్లి పక్కనున్న "త"లో కలిసిపోయి "త్త" కావడమే. సత్, జనుడు కలిస్తే సజ్జనుడు అయినట్టు. ఆ "త" మధ్యలో ఉన్న చుక్క, దగేష్, మన ద్విత్వం గుర్తు లాంటిది. చుక్క కనబడగానే "ఇక్కడ ఏదో అక్షరం మింగుడుపడింది" అని ముందుగా "న" పెట్టి చూడడం అలవాటైతే ఆ భయం సగం తీరిపోతుంది. కాలేజీ ఎంచేటప్పుడు భవనాలు చూడకండి, ఈ రెండు భాషలూ ఎన్ని సెమిస్టర్లు చెప్తారో, చెప్పేవాళ్లు పర్మనెంటా, ఏటా మారుతున్నారా అని మాత్రం అడగండి. భాషా బోధకుడు మధ్యలో వెళ్లిపోయిన బ్యాచి ఇక కోలుకోదు. ఎం.టిహెచ్.లో పాత నిబంధన తీసుకోవాలంటే హీబ్రూ, కొత్త నిబంధనకి గ్రీకు తప్పనిసరి గనుక ఆ నష్టం అక్కడిదాకా వెంటాడుతుంది.

ఇప్పుడు లోపాలు. బి.డి. చదువు ఇంగ్లీషులో, ప్రసంగం తెలుగులో. నాలుగేళ్ల తర్వాత పల్పిట్ ఎక్కినవాడు "జస్టిఫికేషన్" అంటాడు, ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మకి తెలిసిన మాట "నీతిమంతులముగా తీర్చబడి". మొదటి సెమిస్టరు నుంచే ఒక నోట్సు పుస్తకంలో ఎడమ పేజీ ఇంగ్లీషు పదం, కుడి పేజీ తెలుగు బైబిల్లో ఆ మాట, వచనం సంఖ్య రాసుకుంటూ పొండి. ఈ పని ఏ కాలేజీ చేయించదు. పాడేరు, అరకు వైపు వెళ్లేవాళ్లకి ఇంకో మెట్టు ఉంది. అక్కడ సంతలో నడిచేది ఆదివాసీ ఒడియా, కొన్ని ఊళ్లలో కువి. వాటి పాఠం ఊళ్లోనే నేర్చుకోవాలి.

పరిపాలన దాదాపు చెప్పరు. సంఘం ఖాతాలు, స్థలం పత్రాలు, సొసైటీ రిజిస్ట్రేషన్ పోస్టింగులోనే నేర్చుకోవాలి. పెళ్లిళ్ల దగ్గర జాగ్రత్త. బి.డి. వచ్చినంత మాత్రాన పెళ్లి చేయించే అధికారం రాదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఆ అధికారం ఎపిస్కోపల్ (బిషప్ చేతి) అభిషేకం నుంచో, ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు నుంచో రావాలి. సమయం ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు, ప్రత్యేక మినహాయింపులుంటే తప్ప. మన ఊళ్లో పెళ్లి కార్డు మీద 6.30 అని వేసి, పెళ్లికూతురు 7.15కి కారు దిగుతుంది. ప్రమాణాలు ముందు చేయించి, ప్రసంగం, పాటలు తర్వాత పెట్టండి. రిజిస్టరులో సంతకాలు ఆ పూటే పూర్తి చేయించండి, విందు అయ్యాక సాక్షులు దొరకరు.

బోధన వైపు వెళ్లేవాళ్లకి: ఎం.టిహెచ్. రెండేళ్లు, ఆపైన డి.టిహెచ్. లేదా పిహెచ్.డి. సెమినరీ పోస్టులు తక్కువ, వాటిలోనూ కాలేజీని పోషించే సంఘాలు తమ మనుషుల్ని పంపుకుంటాయి. అంటే ఇక్కడ కూడా మళ్లీ సంఘమే. లౌకిక విశ్వవిద్యాలయాలు కావాలంటే మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రైస్తవ అధ్యయన శాఖ ఉంది, మైసూరులోనూ క్రైస్తవ్యం మీద అధ్యయన శాఖ ఉంది. యూజీసీ నెట్‌లో థియాలజీ పేరుతో సబ్జెక్టు లేదు, దగ్గరగా ఉన్నది మతాల తులనాత్మక అధ్యయనం. పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకి 50. ఎం.టిహెచ్. ఒక్కదాన్నే నమ్ముకోకుండా చరిత్రలోనో తత్వశాస్త్రంలోనో ఒక ఎం.ఏ. చేసి పెట్టుకున్నవాళ్లు తర్వాత చింతించడం మేం చూడలేదు.

అమెరికా లెక్క వేరు. అక్కడి థియలాజికల్ స్కూళ్ల సంఘం నిబంధనల ప్రకారం ఎం.డివ్.కి కనీసం 72 క్రెడిట్లు, టి.హెచ్.ఎం.కి (అక్కడి మాస్టర్ ఆఫ్ థియాలజీ) 24. ఇక్కడ బి.డి. చేసి అక్కడ మళ్లీ ఎం.డివ్. చేయడం చాలామందికి అనవసరం. ముందు టి.హెచ్.ఎం.కి అడిగి చూడండి. ట్రాన్స్‌క్రిప్టులు నేరుగా సంస్థ నుంచి, సీలు వేసిన కవర్లో అడుగుతారు. గడువుకి నెల ముందు మొదలుపెడితే అందవు, ఆర్నెల్లు పెట్టుకోండి.

కతోలికులకి ఈ గొడవ లేదు. గురువు (ప్రీస్టు) కావాలనుకునేవాణ్ణి ఎక్కడికి పంపాలో మేత్రాసనమే (కతోలిక డయాసిస్) చూసుకుంటుంది. చర్చి చట్టం ప్రకారం కనీసం ఆరేళ్లు, అందులో తత్వశాస్త్రం రెండు, దైవశాస్త్రం నాలుగు.

స్టీల్‌ప్లాంటులో, నేవల్ డాక్‌యార్డులో షిఫ్టులు చేస్తూ ఆదివారం వాక్యం చెప్పేవాళ్లు రెసిడెన్షియల్ చదువు కోసం ఉద్యోగం మానేయాల్సిన పని లేదు. సెనేట్‌దే దూరవిద్యలో క్రైస్తవ అధ్యయనాల డిగ్రీ ఒకటి ఉంది, బి.సి.ఎస్. అని. అభిషేకానికి సాధారణంగా అది సరిపోదు, గ్రీకు, హీబ్రూ పట్టు కూడా రాదు. సండే స్కూలు, సెల్ గ్రూపు, నెలకి రెండు ప్రసంగాలు ఉన్నవాడికి చక్కగా సరిపోతుంది. అసైన్‌మెంట్లు మాత్రం నైట్ షిఫ్టు వారంలో పెట్టుకోకండి.