పీఎస్పీ హోమ్‌బ్రూ ఇప్పుడెట్లుంది: పదమూడేళ్లు వాడినాక

"పాత పీఎస్పీ ఒకటి దొరికింది, తీసుకోవాల్నా?" అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. పీఎస్పీ అంటే చేతిలో పట్టుకొని ఆడే సోనీ కంపెనీ గేమ్ మెషీన్. తీసుకోండి. మెషీన్ గట్టిది, కంపెనీవి కాని, ఇంట్లో రాసుకున్న ప్రోగ్రాములు (హోమ్‌బ్రూ) నడిచేలా దాని తాళం తీయడం మునుపటికంటే చాలా అల్కగ అయింది. కాని ఎక్కడన్నా చిక్కుపడితే వచ్చి విప్పేవాళ్లు కరువైన్రు. ఒకప్పుడు నలుగురు చేసిపెట్టిన పని ఇప్పుడు మీరొక్కరే చేసుకోవాలి. 2000 మోడల్ ఒకటి, 3000 మోడల్ ఒకటి పదమూడేళ్లుగా వాడుతూ, మరమ్మతు చేసుకుంటూ తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నా.

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో మెమరీ కార్డుల్లో పాటలెక్కించే దుకాణాలే అప్పట్లో పీఎస్పీకి కూడా దిక్కు. కస్టమ్ ఫర్మ్‌వేర్ (మెషీన్‌ను నడిపే అసలు సాఫ్ట్‌వేర్‌ను బయటివాళ్లు మార్చి చేసినది) వేయడం, ఉబ్బిన బ్యాటరీ మార్చడం, నల్లతెర పడ్డ మెషీన్‌కు పండోరా బ్యాటరీ (మెషీన్‌ను సర్వీసు మోడ్‌లోకి దింపేలా మార్చిన బ్యాటరీ) పెట్టి లేపడం అక్కడే జరిగేవి. పాటలు ఫోన్లోకి నేరుగా వచ్చినంక ఆ దుకాణాలు టెంపర్డ్ గ్లాసుల వ్యాపారంలోకి పోయినయి. ఇప్పుడు మినీ యూఎస్‌బీ కేబుల్ అడిగితే టైప్-సీ చూపిస్తారు.

ఈ తగ్గుదల ఒక్కరోజులో రాలేదు. 2005లో ఫర్మ్‌వేర్ 1.50 మీద కంపెనీ సంతకం (ఒప్పుకున్నట్టు డిజిటల్ గుర్తు) లేని ప్రోగ్రాములు నడిచినప్పటి నుంచి కంపెనీ తాళం వేయడం, హోమ్‌బ్రూ వాళ్లు తీయడం నడిచింది. డార్క్ అలెక్స్ అనే ప్రోగ్రామరు ఓఈ, ఎం33 కస్టమ్ ఫర్మ్‌వేర్లు, 2007లో పండోరా బ్యాటరీ, 2009లో 3000 మోడల్‌కు చిక్‌హెన్, 2010లో హాఫ్ బైట్ లోడర్: ప్రతి ఒక్కటీ కొత్త తాళానికి కొత్త జవాబు. 2011 మొదటికల్లా ప్రోగ్రాములకు సంతకం పెట్టే కీలు బయటికొచ్చినయి. అంటే ఇంట్లో తయారైన ప్రోగ్రామును అసలు ఫర్మ్‌వేరే తన సొంతదనుకుని నడిపిస్తుంది. వాడేవాళ్లకు అది పండగ. తాళాలు తీయడమే సరదాగా ఉన్నవాళ్లకు మాత్రం తీయడానికి తాళమే మిగల్లేదు. ఆ ఏడాది చివర జపాన్‌లో పీఎస్పీ తర్వాతి మెషీన్ వీటా వచ్చింది, ఆండ్రాయిడ్ ఫోన్లు చేతికొచ్చినయి, 2012 నవంబర్‌లో ఫోన్ మీదే పీఎస్పీ ఆటలాడించే పీపీఎస్ఎస్‌పీపీ వచ్చింది. నేర్చినవాళ్లు అటు కదిలిన్రు. ఉచితంగా ఆటలకోసమే వచ్చినవాళ్లు ఆటలు దొరికినంక ఆగలేదు. 2014లో మెషీన్ల సరఫరా ఆగింది. చివరి ఫర్మ్‌వేర్ 6.61 వచ్చింది 2015 జనవరిలో.

ఇక కొనేటప్పుడు. 1000 మోడల్ బరువు ఎక్కువ, ర్యామ్ 32 ఎంబీ. 2000 నుంచి 64 ఎంబీ, దానివల్ల ఎమ్యులేటర్లు (వేరే మెషీన్ల ఆటలు ఆడించే ప్రోగ్రాములు) కుదురుగా నడుస్తాయి. 3000 తెర రంగులు బాగుంటాయి, కాని వేగంగా కదిలే బొమ్మల్లో అడ్డగీతలు కనిపిస్తాయి. అది ఆ ప్యానెల్ తీరు, రిపేరుతో పోదు. ఈ1000 స్ట్రీట్ మోడల్‌లో వైఫై లేదు, ఒకటే స్పీకరు. నన్నడిగితే 2000 లేదా 3000 చూడండి, స్ట్రీట్ వద్దు. ముందుగా బ్యాటరీ మూత తీసి చూడండి. మూత వంగి ఉన్నా, బ్యాటరీ బల్లమీద పెడితే గిరగిర తిరిగినా అది ఉబ్బింది.

బ్యాటరీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే మన దగ్గర చెడిపోయే మెషీన్లలో చాలావాటికి మొదటి కారణం అదే. 1000కు లావు బ్యాటరీ, 1800 ఎంఏహెచ్. 2000, 3000లకు సన్నది, 1200 ఎంఏహెచ్. సన్న బ్యాటరీ మీద 2400, 3600 అని అచ్చేసి అమ్మేది నమ్మకండి, ఆ మందంలో అంత పట్టదు. నల్లగొండ ఎండల్లో 44, 45 డిగ్రీలప్పుడు బండి డిక్కీలోనో, కారు అద్దం కిందనో మెషీన్ వదిలితే ఒక్క ఎండకాలానికే బ్యాటరీ ఉబ్బుతుంది. ఏడాదికి పైగా డ్రాలో పడేసినా పాడవుతుంది. మల్టీమీటరు పెట్టి చూస్తే మూడు వోల్టుల కంటే బాగా కిందికి పడిపోయిన దానిమీద ఆశ వదులుకోండి. నెలలకొద్దీ వాడకపోతే సగం చార్జి పెట్టి, బ్యాటరీ బయటికి తీసి ఉంచండి. ఉబ్బినదాన్ని గుచ్చొద్దు, నొక్కొద్దు, చార్జికి అసలే పెట్టొద్దు.

చార్జరు 5 వోల్టులు, పిన్ను 4.0 బై 1.7 మిల్లీమీటర్లు, నడుమ ప్లస్. పిన్ను దూరిందని ఎక్కువ వోల్టుల అడాప్టర్ పెడితే బోర్డు మీది చిన్న ఫ్యూజు పోతుంది. అప్పుడు బ్యాటరీతో నడుస్తుంది గాని చార్జి ఎక్కదు. ఈ లక్షణం కనిపిస్తే బోర్డు పోయిందనుకొని పారేయకండి, ముందు ఫ్యూజు చూపించండి.

మెమరీ కార్డు రెండో ముఖ్యమైన సంగతి. అసలు మెమరీ స్టిక్ ప్రో డుయో ఇప్పుడు మంచిది దొరకడం కష్టం, నకిలీలే ఎక్కువ. మైక్రో ఎస్డీ పట్టే ఒక్క స్లాటు అడాప్టర్ తీసుకొని, పేరున్న 32 జీబీ కార్డు వేయండి. 64 జీబీ, అంతకు పైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, పీఎస్పీ దాన్ని చదవదు. అందుకే ఏ కార్డైనా మెషీన్‌లోనే, సెట్టింగ్స్‌లోని సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఫార్మాట్ చేయాలి. రెండు స్లాట్ల అడాప్టర్లు వద్దు. డేటా రెండు కార్డుల మీద పంచుకుని ఉంటుంది, ఒకటి పోతే రెండోదాన్లోదీ పోతుంది. అడాప్టర్ వదులైతే ఆట నడుమ ఆగి, కార్డు లేదని చూపిస్తుంది. అడాప్టర్ వెనక సన్నటి టేపు ముక్క ఒక్క పొర అంటించి పెట్టండి, బిగుసుకుంటుంది. రెండు పొరలు పెడితే తీయడానికి రాదు.

ఇప్పుడు వాడదగ్గ కస్టమ్ ఫర్మ్‌వేర్ ఆర్క్-4. ముందు సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో వెర్షన్ 6.60 గాని 6.61 గాని ఉందేమో చూడండి. లేకపోతే అసలు 6.61 అప్‌డేట్ వేయాలి. అప్‌డేట్‌కు చార్జరూ కావాలె, మంచి బ్యాటరీ కూడా కావాలె. బ్యాటరీ పేరుకే ఉండి, భారమంతా చార్జరు మీదే ఉన్నప్పుడు ఫ్లాష్ (మెషీన్ లోపలి శాశ్వత మెమరీ) రాస్తుండగా కరెంటు పోతే మెషీన్ ఇటుక అయితది, అంటే ఇక లేవదు. ఎండకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. తర్వాత ఆర్క్_01234 అనే ఫోల్డరును కార్డులోని పీఎస్పీ ఫోల్డర్ లోపలి సేవ్‌డేటాలో, ఆర్క్ లోడర్ ఫోల్డరును గేమ్‌లో పెట్టండి. గేమ్ మెనూలోంచి లోడర్ నడిపితే తెర ఒకసారి నల్లబడి తిరిగొస్తుంది. సెలెక్ట్ నొక్కితే చిన్న మెనూ తెరుచుకుందంటే పని అయినట్టే.

చాలామంది తప్పుపోయేది ఇక్కడే. ఇట్లా లోడర్‌తో ఎక్కిన ఫర్మ్‌వేర్ ర్యామ్‌లోనే ఉంటుంది. పవర్ స్విచ్చు ఒకసారి జరిపితే మెషీన్ పడుకుంటుంది, లేపితే అన్నీ ఉన్నచోటే ఉంటాయి. పట్టుకొని ఉంచి పూర్తిగా ఆపినా, బ్యాటరీ మొత్తం అయిపోయినా ఫర్మ్‌వేర్ పోతుంది. అప్పుడు హోమ్‌బ్రూ నడిపిస్తే 80020148 అని తప్పు చూపిస్తుంది. ఫైలు పాడైందని, కార్డు పోయిందని అనుకొని ఫార్మాట్ కొట్టినవాళ్లున్నారు. ఫైలుకు ఏమీ కాలేదు, లోడర్ మళ్లీ నడిపితే చాలు. పాత మోడళ్లలో దీన్ని శాశ్వతం చేయడం సులువు. 2000 మోడల్ చివర్లో వచ్చిన టీఏ-088వీ3 బోర్డు, 3000 మోడల్ నుంచి బూట్ భాగాన్ని మార్చనీయకుండా తాళం వేసిన్రు. డేవీ అనే ప్రోగ్రామరు చేసిన ఇన్ఫినిటీ అనే సాధనం వచ్చినంక వాటికీ శాశ్వతం చేసే దారి ఏర్పడింది. అయినా కొత్తవాళ్లు కొన్నాళ్లు లోడర్‌తోనే గడపండి, ఫ్లాష్ ముట్టుకోకుండా ఉన్నంతసేపు ఇటుక అయ్యే భయం లేదు.

మనుషులు తగ్గిన సంగతి గట్టిగా తెలిసేది ప్లగిన్ల (ఫర్మ్‌వేర్‌కు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాముల) దగ్గర. 5.00 ఎం33 కాలంలో రాసిన ప్లగిన్లు ఫర్మ్‌వేర్ లోపలి ఫంక్షన్లను నిడ్ అనే గుర్తింపు సంఖ్యలతో పిలుస్తాయి. తర్వాతి ఫర్మ్‌వేర్లలో కెర్నెల్ (ఫర్మ్‌వేర్ నడిమి భాగం) ఫంక్షన్ల నిడ్‌లు మార్చిపారేసిన్రు. పాత ప్లగిన్ పాత సంఖ్యతో పిలిస్తే పలికేవాళ్లుండరు, మెషీన్ బూట్‌లోనే ఆగుతుంది. కొత్త ఫర్మ్‌వేర్లు కొన్ని పాత నిడ్‌లను కొత్తవాటికి కలిపి చూపిస్తాయి గాని అన్నింటినీ కాదు. రాసినవాళ్లు ఉండి ఉంటే ఒక పూటలో సరిచేసే పని ఇది. సోర్స్ (మార్చుకోదగ్గ అసలు కోడ్) ఇవ్వకుండా పోయిన ప్లగిన్లు మాత్రం అట్లనే మూలపడ్డయి. మంచి మంచివి ఇట్లా పోయినయని చూస్తే పాణం చివుక్కుమంటది. పాత సూచనల్లో ఇంకో తేడా కూడా ఉంది. గేమ్ (ఆటలకు), వీఎస్‌హెచ్ (మెనూకు), పాప్స్ (మొదటి ప్లేస్టేషన్ ఆటలకు) అని మూడు టెక్స్ట్ ఫైళ్లు రాయమంటాయి. ఆర్క్-4లో సెప్లగిన్స్ ఫోల్డర్‌లో ప్లగిన్స్ అనే ఒక్క ఫైలు. వరుసకు మూడు మాటలు, ఎక్కడ నడవాలి, ఫైలు ఎక్కడుంది, ఆన్, మధ్యలో కామాలు. బూట్‌లో ఆగిపోతే కార్డు తీసి ఆన్ చేయండి. మెషీన్ లేచిందంటే తప్పు ప్లగిన్‌దే; కార్డు రీడర్‌లో కార్డు పెట్టి సెప్లగిన్స్ పేరు మార్చండి.

ఇన్నాళ్ల తర్వాత కూడా బాగా పనికొచ్చేవి: గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటలకు జీపీఎస్‌పీ, మెగాడ్రైవ్‌కు పికోడ్రైవ్, సూపర్ నింటెండోకు స్నెస్9ఎక్స్‌టీవైఎల్. ప్రాసెసర్ 222 మెగాహెర్ట్జ్ నుంచి 333కు పెంచితే సూపర్ నింటెండో ఆటలు తేరుకుంటాయి, బ్యాటరీ త్వరగా దిగుతుంది. డీడలస్ ఎక్స్64లో నింటెండో 64 ఆటలు కొన్నే ఆడదగ్గట్టు నడుస్తాయి, ఆశ పెట్టుకోకండి. మొదటి ప్లేస్టేషన్ ఆటలు మాత్రం చాలా బాగుంటాయి, ఎందుకంటే ఆ ఎమ్యులేటర్ కంపెనీ ఫర్మ్‌వేర్‌లోనే ఉంది. సొంత యూఎండీలు (పీఎస్పీ ఆటల డిస్కులు) ఉంటే సెలెక్ట్ మెనూలో యూఎస్‌బీ డివైస్‌ను యూఎండీ డిస్క్‌కు మార్చి కేబుల్ పెట్టండి, కంప్యూటర్‌లో డిస్కు నకలు ఐఎస్‌ఓ ఫైలుగా కనిపిస్తుంది, కాపీ చేసి కార్డులోని ఐఎస్‌ఓ ఫోల్డర్‌లో వేయండి. లెన్సు ముసలిదయ్యేలోపు ఈ పని చేసుకోండి. కేబుల్ చార్జింగ్‌కే పనికొచ్చేదైతే కంప్యూటర్‌కు మెషీన్ కనిపించదు, డేటా కేబులే కావాలె.

తెలుగు విషయం. మెనూకు తెలుగు ఫాంటు లేదు, ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. పుస్తకాలు చదివే ప్రోగ్రాము బుకర్‌లో తెలుగు టెక్స్ట్ ఫైలు చదవలేం. ఫాంటు లోపలే ఉన్న పీడీఎఫ్ అయితే అక్షరం సక్రమంగా వస్తుంది, ఒత్తులు కూడా. 480 బై 272 చుక్కల తెర కాబట్టి పేజీ అడ్డం తిప్పి, జూమ్ పెంచి, సగం సగం చదవాలి. స్కాన్ చేసిన బరువైన పుస్తకాలు తెరవకముందే కుప్పకూలుతాయి.

వైఫై ఇప్పుడు దాదాపు లేనట్టే. అది 802.11బీ మాత్రమే, 2.4 గిగాహెర్ట్జ్, పాస్‌వర్డు భద్రతలో పాత డబ్ల్యూపీఏ వరకే. ఇంటి రౌటర్ డబ్ల్యూపీఏ2 మీదే ఉంటే మామూలుగా కలవదు. కలిసినా బ్రౌజర్‌లో నేటి సురక్షిత పేజీలు తెరుచుకోవు. పీఎస్పీలోంచి కొనడం 2021 జూలైతో పూర్తిగా ఆగింది. ఫైళ్లన్నీ కంప్యూటర్ నుంచే ఎక్కించాలి. కాని రెండు మెషీన్లు పక్కపక్కన పెట్టి ఆడే అడ్‌హాక్‌కు రౌటర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇప్పటికీ మొదటిరోజు లెక్కనే కలుస్తుంది. కలవకపోతే రెండింట్లో ఛానెల్‌ను ఆటోమేటిక్ నుంచి 1కి గాని 6కి గాని ఒకేలా మార్చండి.

ఇటుకైన 3000కు ఏళ్ల తరబడి మందు లేదు. పండోరా అనేది బ్యాటరీలోని చిప్పుకు సీరియల్ నంబరు అన్నీ ఎఫ్‌లుగా రాసి, మెషీన్‌ను సర్వీసు మోడ్‌లోకి దింపే ఉపాయం; కొత్త బోర్డులు దాన్ని ఒప్పుకోవు. కంపెనీ సర్వీసు సెంటర్లు కొత్త బోర్డులకు వాడిన పద్ధతిని ఇటీవలి ఏళ్లలో మిగిలిన కొద్దిమందే కనిపెట్టిన్రు: బారియన్ స్వీపర్. బ్యాటరీ కాంటాక్టుల్లో ఒకటి డేటా లైను. కంప్యూటర్‌కు చిన్న యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ పెట్టి, ఆ లైనుకు తీగ కలిపితే, బ్యాటరీ ఇచ్చే జవాబులు కంప్యూటర్ ఇస్తుంది. ఆ అడాప్టర్ హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరికే మామూలు వస్తువు. గుంపంతా వెళ్లిపోయినంక, అన్నింటికంటే గట్టి తాళాన్ని తీసింది వీళ్లు. 3000 ఇటుకలను తుక్కుకు అమ్మకండి.

అనలాగ్ స్టిక్కు దానంతట అది ఒకవైపు జరుగుతుంటే దాని కింది కరెంటు పారే రబ్బరు పట్టీ మీద దుమ్ము చేరినట్టు. విప్పి, ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో రబ్బరునూ, బోర్డు మీది కాంటాక్టులనూ తుడవండి. స్ప్రే కొట్టకండి. బ్యాటరీ గదిలో స్టిక్కర్ కింద కూడా స్క్రూ ఉంటుంది, అది తీయకుండా గుంజితే డొప్ప పగులుతుంది.

ఫోన్‌లో పీపీఎస్ఎస్‌పీపీ ఉండగా ఇదంతా ఎందుకంటే, ఆటల మట్టుకే అయితే ఫోనే మేలు, బొమ్మ ఎక్కువ నికరంగా ఉంటుంది. మెషీన్ కావాల్సింది బటన్ల మీద వేలు ఆనాలనుకునేవాళ్లకు, ప్రోగ్రాములు రాయాలనుకునేవాళ్లకు. పీఎస్పీ డెవలప్‌మెంట్ కిట్‌ను ఇప్పటికీ సరిచేస్తూనే ఉన్నారు. సీ భాషలో నాలుగు వరుసలు రాసి, ఈబూట్ (పీఎస్పీ నడపగలిగే ఫైలు) తయారుచేసి కార్డులో వేస్తే చేతిలోని తెర మీద మీ అక్షరం కనిపిస్తుంది.

కొన్నరోజే ఒక పని చేయండి. 6.61 అప్‌డేట్, ఆర్క్-4, వాడే ఎమ్యులేటర్లు, పనిచేసిన ప్లగిన్లు, వాటి సోర్స్, అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఏ ప్లగిన్ ఏ మోడల్ మీద ఏ ఫర్మ్‌వేర్‌తో నడిచిందో తెలుగులోనే ఒక టెక్స్ట్ ఫైలు రాసి పెట్టండి. 2012 జనవరిలో ఫైళ్లు పంచుకునే సైటు మెగాఅప్‌లోడ్ మూతపడ్డప్పుడు వందల లింకులు ఒక్కసారే చచ్చినయి. ఆటలు పక్కనపెడితే నా ఫోల్డరు రెండు జీబీ కూడా లేదు. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంది. అడిగిన వాళ్లకు పెన్‌డ్రైవే ఇస్తున్నా, కాపీ చేసుకుని తిరిగి ఇస్తే చాలు.